పాత స్పాట్ మిషన్ ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు: తరచుగా అడిగే ప్రశ్నలు

బీరువాలు, ప్యానెల్ బోర్డులు, ఎయిర్ కూలర్ బాడీలు చేసే షెడ్డు హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్నా, కాటేదాన్‌లో ఉన్నా, ఒక మూల పాత స్పాట్ వెల్డింగ్ మిషన్ (రేకులను కరెంటు వేడితో చుక్కలు చుక్కలుగా అతికేది) కనిపిస్తుంది. రోజూ వేల స్పాట్లు కొడుతూనే ఉంటుంది కాబట్టి దాని సంగతి ఎవరికీ పట్టదు. ఆగిన రోజు మాత్రం పని మొత్తం నిలిచిపోతుంది, ఓనరుకు టెన్షన్ మొదలవుతుంది. నేను బాలానగర్‌లో రివైండింగ్ (కాలిన కాయిల్స్ మళ్లీ చుట్టే) పని చేస్తాను. ఫోన్లోనూ, షాపు ముందు ట్రాలీ ఆటో ఆపి మరీ జనం నన్ను అడిగే ప్రశ్నలు ఇక్కడ రాశాను. ఇవి 230 లేదా 415 వోల్టుల ఏసీ మీద నడిచే పాత పెడల్ మిషన్లకు, ఎయిర్ సిలిండర్ మిషన్లకు వర్తిస్తాయి. కొత్త ఇన్వర్టర్ మిషన్ల వ్యవహారం వేరు.

ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌కూ తేడా ఏమిటి?

మెయిన్ కరెంటు అందుకునే కాయిల్ ప్రైమరీ, స్పాటుకు కరెంటు ఇచ్చేది సెకండరీ. సెకండరీలోనే ఉంది తేడా అంతా. ఇందులో సెకండరీకి సాధారణంగా ఒకే ఒక్క చుట్టు ఉంటుంది. అది తీగ కాదు, మందపాటి రాగి పలక, లేదా పోత పోసిన రాగి దిమ్మ. దాని లోపల నీళ్లు పారే దారి ఉంటుంది. ప్రైమరీకి 415 వోల్టులు ఇస్తే సెకండరీలో వచ్చేది 3 నుంచి 8 వోల్టులే. కానీ కరెంటు వేల ఆంపియర్లలో ఉంటుంది. 1 మిల్లీమీటరు మైల్డ్ స్టీలు రేకులు రెండు అతకాలంటే సుమారు 8 వేల ఆంపియర్లు, 10 సైకిళ్లు (మన ఏసీ సెకనుకు 50 సైకిళ్లు), అంటే సెకనులో ఐదో వంతు కావాలి.

పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు 10 శాతం తగ్గితే వేడి 19 శాతం తగ్గుతుంది. చిన్న లోపం కూడా స్పాటు మీద పెద్దగా కనబడేది అందుకే. ఈ పద్ధతికి ఎలిహూ థామ్సన్ 1886లో పేటెంటు పొందాడు. ఇన్నేళ్లలో కంట్రోలు కార్డులు ఎన్ని మారినా, ఇనుప కోరు (కాయిల్స్ మధ్యలో ఉండే ఇనుప దిమ్మ), చాలా చుట్ల ప్రైమరీ, ఒక చుట్టు సెకండరీ అలాగే ఉన్నాయి. పాత మిషన్‌ను ఇప్పటికీ చేత్తో బాగుచేయగలుగుతున్నామంటే అదే కారణం.

మిషన్ ఆగిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని ఎలా తెలుస్తుంది?

దయచేసి ముందు ఇది తేల్చుకోండి. నా దగ్గరికి "కాలిపోయింది" అని వచ్చే వాటిలో అన్నీ కాలినవి కావు.

ఒకసారి దసరా ముందు ఇద్దరు కుర్రాళ్లు మిషన్ పొట్ట విప్పి, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆటోలో వేసుకొచ్చారు. "అన్నా, పండగలోపు చుట్టి ఇవ్వాలె, ఓనర్ ఆగం చేస్తుండు" అన్నారు. సిరీస్ బల్బు పెట్టి చూస్తే కాయిల్ నిక్షేపంగా ఉంది. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కూడా బాగా చూపించింది. "మిషన్ దగ్గరికి పోదాం పదండి" అని వాళ్ల షెడ్డుకు వెళ్లాను. ప్రైమరీకి కరెంటు ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లైన రెండు థైరిస్టర్లలో ఒకదాని గేటు వైరు లగ్గు దగ్గర తెగి, స్లీవ్ లోపల ఆనీ ఆనకుండా వేలాడుతోంది. లగ్గు కొత్తది వేసి బిగించడానికి పావుగంట పట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ దింపి మళ్లీ ఎక్కించడానికి వాళ్లకు రెండు రోజులు పట్టింది.

అందుకే ట్రాన్స్‌ఫార్మర్ మిషన్‌లో ఉండగానే చూసుకోవాల్సినవి చూసుకోండి. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి చేతిలో పెట్టుకుని పని మొదలుపెట్టండి. మొదట ముక్కు చెప్పేది వినండి. కాలిన వార్నిష్ వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. తర్వాత టార్చి వేసి కాయిల్ అంచులు చూడండి. టేపు నల్లబడి పెళుసుగా రాలుతుంటే, రాగి మీద నీలం, నలుపు మచ్చలుంటే అనుమానం బలపడుతుంది. హీటు పెంచడానికి, తగ్గించడానికి ప్రైమరీ చుట్లు మార్చే ట్యాపింగ్ స్విచ్ కాంటాక్టులు కూడా తప్పకుండా చూడాలి. అక్కడ కాలితే ప్రైమరీకి కరెంటే అందదు, నింద మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది.

సిరీస్ బల్బు టెస్టు ఎలా చేయాలి?

ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీని మిషన్ వైరింగ్ నుంచి పూర్తిగా విడదీయండి. 200 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి 230 వోల్టులు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఫిలమెంటు బల్బు దొరక్కపోతే పాత హాలోజన్ దీపం వాడొచ్చు.

రేకును నొక్కే రాగి మొనలు, అంటే పై టిప్పు, కింది టిప్పు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో చెక్కముక్క పెట్టాలి. ఇది మర్చిపోతే సెకండరీ షార్టయి, మంచి ట్రాన్స్‌ఫార్మర్ కూడా చెడిపోయినట్టే కనిపిస్తుంది. టిప్పులు విడిగా ఉన్నప్పుడు బల్బు వెలగకుండానో, ఎర్రగా మినుకుమంటూనో ఉంటే కాయిల్‌లో చుట్లు షార్టు కాలేదన్నమాట. నిండుగా వెలిగితే లోపల ఎక్కడో చుట్టుకు చుట్టు కలిసిపోయింది. బల్బు అసలు వెలగక, సెకండరీలో వోల్టేజీ కూడా రాకపోతే ప్రైమరీ తెగింది, లేదా ట్యాపు వదులైంది.

బల్బు చల్లగా ఉంటే ఇంకో అడుగు వేయండి. సెకండరీ వోల్టేజీ కొలిచి, అదే సమయంలో ప్రైమరీ చివర్ల మధ్య ఉన్న వోల్టేజీని దానితో భాగించండి. ప్రైమరీ మీద 220 ఉండి సెకండరీలో 2.5 వస్తే నిష్పత్తి 88. ఇలా ప్రతి ట్యాపుకూ తీసి కాగితం మీద రాసుకోండి. ట్యాపు మారే కొద్దీ అంకెలు వరసగా మారాలి. ఒకచోట వరస తప్పితే తప్పు ఆ ట్యాపు దగ్గరే ఉంది. ఈ కాగితం తర్వాత చుట్టేటప్పుడు బంగారంలా పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. "చిన్న వోల్టేజీయే కదా" అని ఎప్పుడూ సెకండరీ వైపు నుంచి ఏసీ ఇవ్వకండి. నిష్పత్తి 88 ఉన్న మిషన్‌లో సెకండరీకి 6 వోల్టులు ఇస్తే ప్రైమరీ చివర్లలో 500 దాటుతుంది.

మెగ్గర్ ఎంత చూపిస్తే మంచిది?

500 వోల్టుల మెగ్గర్‌తో ప్రైమరీకి కోరుకు మధ్య, ప్రైమరీకి సెకండరీకి మధ్య చూడాలి. అంతకు ముందు కంట్రోలు కార్డు విప్పేయండి, లేకపోతే కార్డు పోతుంది. సెకండరీని బాడీకి కలిపే ఎర్తు పట్టీ కూడా తీయండి. బాగా ఎండిన కాయిల్ 100 మెగోమ్‌ల పైనే చూపిస్తుంది. 1 మెగోమ్ కంటే తగ్గితే కరెంటు ఇవ్వొద్దు.

కానీ తక్కువ చూపించిందని వెంటనే కాయిల్ విప్పొద్దు. జులై, ఆగస్టు ముసురుకు నెలరోజులు మూలన పడున్న మిషన్ ఎలాగూ తక్కువే చూపిస్తుంది. ఒక పెట్టెలో పెట్టి, పెద్ద బల్బులు వెలిగించి, 70, 80 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచి మళ్లీ చూడండి. అంకె గబగబా పెరిగితే అది తేమే. పెరగకపోతే ఇన్సులేషన్ పోయింది.

పెడల్ తొక్కగానే గుయ్‌మని అరుస్తుంది, ఎంసీబీ పడిపోతుంది. చుట్టించాలా?

ఆగండి. పైన చెప్పిన థైరిస్టర్ కథ ఇదే. ఎదురెదురుగా ఉండే రెండు థైరిస్టర్లలో ఒకటే పనిచేస్తే ప్రైమరీకి సగం సైకిలే అందుతుంది. అంటే అందులో డీసీ కలుస్తుంది. దాంతో కోరు అయస్కాంత శక్తితో నిండిపోయి, ఇక అడ్డు చెప్పలేక, ప్రైమరీ విపరీతంగా కరెంటు లాగుతుంది. అరుపు, ఫ్యూజు పోవడం, కేబుల్ ఎగిరిపడటం అందువల్లే. ఇలాగే నడిపిస్తే కాయిల్ నిజంగానే కాలుతుంది. పెడల్ స్విచ్ పడకముందే, టిప్పులు రేకుకు తగలగానే నిప్పురవ్వలు వస్తే మాత్రం ఒక థైరిస్టర్ షార్టయిందని అనుకోవచ్చు. మీటరుతో చూస్తే రెండు వైపులా సున్నా చూపిస్తుంది.

బాగా పాత మిషన్లలో థైరిస్టర్ల బదులు ఇగ్నిట్రాన్ గొట్టాలు ఉంటాయి. వాటిలో పాదరసం ఉంటుంది. పగలగొట్టకండి, స్క్రాపులో వేయకండి.

మిషన్ నడుస్తోంది కానీ స్పాట్లు ఊడుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ బలం తగ్గిందా?

ట్రాన్స్‌ఫార్మర్‌కు "బలం తగ్గడం" అనేది ఉండదు. అది బాగుంటుంది, లేదా చెడిపోతుంది. స్పాటు బలం తగ్గితే సెకండరీ దారి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి టిప్పు వరకు నాలుగైదు బోల్టు జాయింట్లు ఉంటాయి, మధ్యలో సన్నని రాగి ఆకులతో చేసిన ఫ్లెక్సిబుల్ పట్టీ ఉంటుంది. ఒక్క జాయింటులో 100 మైక్రో ఓమ్‌ల రెసిస్టెన్సు చేరితే, 8 వేల ఆంపియర్ల దగ్గర అక్కడే 0.8 వోల్టు పోతుంది. ఉన్నదే 5 వోల్టులు! జాయింట్లు విప్పి, నల్లదనం పోయేదాకా సన్న ఎమరీతో రుద్ది, గట్టిగా బిగించండి. ఫ్లెక్సిబుల్‌లో సగం ఆకులు తెగి ఉంటే మార్చేయండి. టిప్పు మొన పుట్టగొడుగులా చదునైపోయినా కరెంటు పరుచుకుపోయి అతుకు పట్టదు.

ఒక సంగతి చాలామంది గమనించరు. పెద్ద రేకును మిషన్ చేతుల మధ్య లోతుగా దూర్చినప్పుడు, ఆ ఇనుము వల్లే కరెంటు తగ్గుతుంది. చిన్న ముక్క మీద బాగా పట్టిన సెట్టింగు, బీరువా తలుపు మీద పట్టకపోవడం మిషన్ తప్పు కాదు.

అసలు ఈ కాయిల్స్ ఎందుకు కాలుతాయి?

హైదరాబాద్‌లో నేను చూసినంతలో మొదటి దోషి నీళ్లు. మన బోరు నీళ్లు ఎంత గట్టివో ఇంట్లో గీజరు కాయిల్ చూసినా తెలుస్తుంది. అవే నీళ్లు సెకండరీ లోపల పారితే అదే తెల్లటి పెచ్చు అక్కడా పేరుకుంటుంది.

కాటేదాన్ వైపు నుంచి వచ్చిన ఒక మిషన్‌కు ఏడాదిన్నరలో రెండుసార్లు ప్రైమరీ చుట్టించారు. మూడోసారి నా దగ్గరికి వచ్చింది. చుట్టే ముందు సెకండరీ నీళ్ల గొట్టం చివర తీసి చూశాను. పెన్ను దూరాల్సిన రంధ్రంలో చీపురుపుల్ల కూడా దూరలేదు. పుల్లతో గీకితే సున్నపు బిళ్లల్లా రాలింది. రెండుసార్లూ కాయిల్ మార్చారు గానీ, కాయిల్‌ను కాల్చిన పొయ్యి లోపలే ఉండిపోయింది. సెకండరీ రాగి చల్లబడకపోతే, దాన్ని ఆనుకుని ఉన్న ప్రైమరీ ఉడికిపోతుంది. ఇన్సులేషన్ మీద 10 డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందని మా పనిలో అందరూ పాటించే లెక్క. కాలడానికి కారణం దొరక్కుండా కొత్త రాగి చుట్టడం డబ్బు తగలేయడమేనని నేను ఎవరికైనా ముఖం మీదే చెబుతాను.

పెచ్చు తీయడానికి లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, చిన్న పంపుతో కొన్ని గంటలు తిప్పండి. నురగ ఆగాక మంచినీళ్లతో, తర్వాత కొంచెం వంటసోడా కలిపిన నీళ్లతో, మళ్లీ మంచినీళ్లతో కడగండి. బాత్రూం యాసిడ్ పోయకండి, అది బ్రేజింగ్ జాయింట్లను తినేస్తుంది. ఆ తర్వాత బోరు నీళ్లు ఆపి, 200 లీటర్ల డ్రమ్ములో ఆర్‌ఓ నీళ్లు పోసి, అవే తిరిగేలా ఏర్పాటు చేసుకోండి. వేసవిలో డ్రమ్ము నీళ్లు వేడెక్కుతాయి కాబట్టి చిన్న కూలింగ్ టవరో రేడియేటరో తప్పదు. లోపలికి పోయే నీళ్లు 30 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. అలాగని ఐసు వేయొద్దు. వానాకాలంలో రాగి మీద చెమట పట్టి కాయిల్ తడుస్తుంది.

మిగతా కారణాలు చిన్నవి. కాయిల్ వదులై ప్రతి షాటుకూ అదిరి, రాపిడికి ఇన్సులేషన్ పోవడం ఒకటి. తుక్కు, ఇనుప రజను లోపల చేరడం ఇంకొకటి. మిషన్ తాహతుకు మించి కొట్టించడం గురించి కింద రాశాను.

మా 25 కేవీఏ మిషన్‌తో ఎంత పని చేయించొచ్చు?

ప్లేటు మీద రాసిన కేవీఏ (మిషన్ తట్టుకునే లోడు) సాధారణంగా 50 శాతం డ్యూటీకి, అంటే సగం సమయం కరెంటు పారితే తట్టుకునే లెక్క. అసలు పనిలో అంత ఉండదు. నిమిషానికి 20 స్పాట్లు, ఒక్కోటి 10 సైకిళ్లు అనుకుందాం. మొత్తం 4 సెకన్లు, అంటే 7 శాతం లోపే. 50ని ఈ శాతంతో భాగించి, వచ్చినదానికి వర్గమూలం తీసి, కేవీఏతో హెచ్చించండి. 25 కేవీఏ మిషన్ ఆ పనికి సుమారు 68 కేవీఏ దాకా తట్టుకుంటుంది. అదే ఎడతెరిపి లేకుండా సీము కొట్టినట్టు కొట్టిస్తే, తట్టుకునేది 18 కేవీఏ కంటే తక్కువే. ఆర్డరు ఎక్కువున్న వారం కాలే మిషన్లు ఇందుకే కాలుతాయి.

విప్పేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

ఫోటోలు తీయండి. ప్రతి వైరుకూ నంబరు రాసిన టేపు అంటించండి. స్టాంపింగ్‌లు (కోరులో పేర్చిన సన్నని ఇనుప రేకులు) ఏ వరసలో, ఎటు తిప్పి పేర్చారో గుర్తు పెట్టుకోండి. తిరిగి పేర్చేటప్పుడు జాయింట్ల దగ్గర సందు మిగిలితే నో లోడ్ కరెంటు (స్పాటు కొట్టకుండా ఖాళీగా లాగేది) పెరుగుతుంది, కోరు రొద పెడుతుంది.

కాయిల్ ఊడిరావడం లేదని కోరుతో సహా మంటలో వేస్తారు కొందరు. ఇది చూస్తే నాకు ప్రాణం పోయినట్టు ఉంటుంది. స్టాంపింగ్‌ల మధ్య సన్నటి ఇన్సులేషన్ పూత ఉంటుంది. అది కాలితే రేకులన్నీ ఒకటైపోయి, కోరులో సుడులు తిరిగే ఎడ్డీ కరెంట్లకు కోరే వేడెక్కుతుంది. కొత్త కాయిల్ ఎంత బాగా చుట్టినా అది బాగుపడదు.

పాత మిషన్లలో బూడిద రంగు దూదిలాంటి టేపు కనిపిస్తే ఆస్‌బెస్టాస్ కావచ్చు. కంప్రెసర్ గాలి కొట్టొద్దు. నీళ్లు చల్లి తడిపి, మంచి మాస్కు పెట్టుకుని, తడిగానే కవరులో కట్టండి. పిల్లల్ని ఆ పని దగ్గరికి రానివ్వకండి.

చుట్లు లెక్కపెట్టడం ఎలా? ఒకటీ రెండూ తేడా వస్తే ఏమవుతుంది?

ఎక్కువ మిషన్లలో ప్రైమరీ ఒకే కాయిల్‌గా ఉండదు. అప్పడాల్లా పలుచని కాయిల్స్ కొన్ని, వాటి మధ్యలో సెకండరీ పలకలు ఉంటాయి. ఒక్కో అప్పడాన్ని విడిగా విప్పుతూ, చుట్టు చుట్టుకూ సుద్దముక్కతో నేల మీద గీత గీస్తాను. ఐదు గీతలకొక అడ్డగీత. ఫోన్ మోగినా ఎత్తను. ట్యాపు వచ్చిన చోట గీత పక్కన సున్నా చుడతాను. తర్వాత స్ట్రిప్ వెడల్పు, మందం మైక్రోమీటరుతో కొలుస్తాను. కవరింగ్‌తో ఒకసారి, గీకేశాక ఒకసారి.

ఒక చుట్టు తేడాతో మిషన్ ఆగిపోదు. ప్రమాదం వేరేచోట ఉంది. పని నేర్చుకున్న కొత్తలో నేను ఒక అప్పడం కాయిల్‌ను తిరగేసి కలిపాను. దాని చుట్లు మిగతావాటికి కలవాల్సింది పోయి తీసివేతయ్యాయి. సిరీస్ బల్బు నిండుగా వెలిగింది. బల్బు లేకుండా నేరుగా 415 ఇచ్చుంటే కొత్త రాగి మొత్తం అక్కడే పోయేది. అప్పటినుంచి ప్రతి కాయిల్‌కూ "మొదలు", "చివర" అని టేపు మీద రాసి, లోపలి చివరకు ఎర్ర స్లీవ్ తొడుగుతాను.

పాత కాయిల్ అప్పటికే ఎవరో తీసేశారు. లెక్క లేదు. ఎలా?

కోరు కొలిచి లెక్క కట్టొచ్చు. సెకండరీ చుట్టిన కాలు అడ్డుకోత చూడండి. ఉదాహరణకు 10 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్లు ఉంటే 150 చదరపు సెంటీమీటర్లు. స్టాంపింగ్‌ల మధ్య సందులకు 5 శాతం తీసేస్తే 142.5. సెకండరీ ఒక చుట్టే కాబట్టి, చుట్టుకు ఎన్ని వోల్టులో తెలిస్తే చాలు. 4.44ను 50 హెర్ట్జ్‌తో, కోరులో ఉంచదలచిన ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) సాంద్రతతో, చదరపు మీటర్లలో వైశాల్యంతో హెచ్చించాలి. సాంద్రత 1.5 టెస్లా అనుకుంటే చుట్టుకు 4.74 వోల్టులు వస్తుంది. 415ను దాంతో భాగిస్తే 88 చుట్లు. ఇది అత్యధిక హీటు ట్యాపుకు. తక్కువ హీటు ట్యాపులకు చుట్లు ఇంకా పెరుగుతూ పోవాలి.

1.5 అనేది మంచి సీఆర్‌జీఓ (కోల్డ్ రోల్డ్ ట్రాన్స్‌ఫార్మర్ స్టీలు) స్టాంపింగ్‌లకు. పాత హాట్ రోల్డ్ స్టాంపింగ్‌లైతే 1.2 దగ్గర ఆగండి, అంటే చుట్లు ఎక్కువ వేయండి. అనుమానం ఉంటే ఎక్కువ చుట్ల వైపే మొగ్గాలి.

చుట్లు తగ్గిస్తే హీటు పెరుగుతుందని మా మేస్త్రి అంటున్నాడు. నిజమేనా?

పెరుగుతుంది, అక్కడిదాకా మేస్త్రి మాట నిజమే. పై ఉదాహరణలో 88 బదులు 75 చుడితే కోరులో సాంద్రత 1.75 టెస్లాకు చేరుతుంది. కోరు నిండే హద్దులోకి వెళ్లిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎంసీబీ పడుతుంది, సెకండరీ మీద భారం పెరుగుతుంది. హీటు చాలకపోతే ముందు జాయింట్లు, టిప్పులు, సప్లై కేబుల్ సైజు చూడమని మేస్త్రికి చెప్పండి.

రాగి రేటు మండిపోతోంది. అల్యూమినియం చుట్టొచ్చా?

వద్దు. అల్యూమినియం అంతే కరెంటు మోయాలంటే 1.6 రెట్ల మందం కావాలి. స్పాట్ మిషన్ కోరు కిటికీలో (కాయిల్ పట్టే ఖాళీలో) అంత చోటే ఉండదు. చోటుకు సరిపడా సన్నది చుడితే వేడెక్కుతుంది.

ఇన్సులేషన్, వార్నిష్ ఏవి వాడాలి?

ఎఫ్ క్లాసు, అంటే 155 డిగ్రీలు తట్టుకునేది కనీసం. హెచ్ క్లాసు, 180 డిగ్రీలది, దొరికితే ఇంకా మంచిది. డబుల్ గ్లాస్ కవర్డ్ రాగి స్ట్రిప్, గ్లాస్ టేపు, ప్రైమరీకి సెకండరీకి మధ్య వేడిని తట్టుకునే నోమెక్స్ లాంటి కాగితం వాడండి. ఒక్క వస్తువు తక్కువ క్లాసుదైనా కాయిల్ మొత్తం ఆ క్లాసుకే దిగిపోతుంది. సైకిల్ షాపు పీవీసీ టేపు లోపల ఎక్కడా కనిపించకూడదు.

ప్రైమరీకి సెకండరీకి మధ్య ఇన్సులేషన్ దగ్గర పిసినారితనం అస్సలు పనికిరాదు. అక్కడ తెగితే మెయిన్ కరెంటు నేరుగా మనిషి ముట్టుకునే మిషన్ చేతుల మీదికి వస్తుంది.

వార్నిష్‌కు ముందు కాయిల్‌ను 100, 110 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఎండబెట్టాలి. కొంచెం గోరువెచ్చగా ఉన్నప్పుడు ముంచి, బుడగలు రావడం పూర్తిగా ఆగేదాకా ఉంచాలి. తర్వాత కారనిచ్చి, వార్నిష్ డబ్బా మీద రాసిన వేడిలో, రాసినంతసేపు ఓవెన్‌లో పెట్టాలి. పైన పైన బ్రష్‌తో పూసి ఎండలో ఆరేసిన కాయిల్‌లో లోపలి చుట్లు పచ్చిగానే ఉంటాయి. మీ కాయిల్ ముంచారా, పూశారా అని రివైండింగ్ షాపులో అడగండి. అడిగే హక్కు మీకుంది.

చివరగా బిగింపు. ప్రతి షాటుకూ కాయిల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. హైలం షీటు చీలికలు కొట్టి, వేలితో కదిపినా కదలనంత గట్టిగా బిగించాలి. బేకలైట్ షీటును మనవాళ్లు హైలం అనడం హైదరాబాద్‌లో తయారైన సరుకు పేరు మీదే అలవాటైంది.

సెకండరీ నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎంసీల్ పెట్టొచ్చా?

పెట్టొద్దు. ఆ వేడికి, అదురుకు నిలవదు. కారిన నీళ్లు కాయిల్‌లోకే పోతాయి. సెకండరీ బయటకు తీసి, సిల్వర్ బ్రేజింగ్ చేయించాలి. మామూలు టంకం కరిగిపోతుంది. చేయించాక చేతిపంపుతో, మిషన్‌లో వాడే ఒత్తిడికి రెట్టింపు పెట్టి, పావుగంట ముల్లు కదలకుండా ఉంటేనే తిరిగి బిగించండి.

స్క్రాపు వాళ్లు రాగికి మంచి రేటు ఇస్తామంటున్నారు. అమ్మేయమంటారా?

సెకండరీ మాత్రం అమ్మకండి. ప్రైమరీ ఎవరైనా చుడతారు. సెకండరీ పోత, లోపలి నీళ్ల దారి, కోరుకు సరిపోయే కొలత మళ్లీ చేయించడం చాలా కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. సెకండరీ, కోరు బాగున్న మిషన్ ఎంత పాతదైనా నా దృష్టిలో బతికున్నదే. చుట్టించినప్పుడు పాత ప్రైమరీ రాగి మీదే. తూకం వేయించి తీసుకోండి, లేదా బిల్లులో తగ్గించమనండి. కొత్త స్ట్రిప్ కూడా కిలోల లెక్కనే వస్తుంది కాబట్టి రెండు తూకాలూ పక్కపక్కన చూస్తే సన్నం స్ట్రిప్ వేశారో లేదో కూడా బయటపడుతుంది.

ప్రైమరీని రెసిన్‌లో పోత పోసిన ట్రాన్స్‌ఫార్మర్లు కొన్ని ఉంటాయి. వాటిని విప్పితే చాలాసార్లు సెకండరీ కూడా దెబ్బతింటుంది. అలాంటిది కాలితే మొత్తంగా మార్చుకోమనే చెబుతాను.

సామాను ఎక్కడ దొరుకుతుంది?

ఎలక్ట్రికల్ సామానుకు కోఠి దగ్గర ట్రూప్ బజార్, హార్డ్‌వేరు, పంపులు, గొట్టాలకు సికింద్రాబాద్ రాణిగంజ్. స్ట్రిప్ ముక్క ఒకటి చేతిలో పట్టుకుపోండి, నోటితో చెప్పిన సైజు తప్పుతుంది.

విదేశాల నుంచి వచ్చిన పాత మిషన్ ప్లేటు మీద 60 హెర్ట్జ్ అని ఉంది. ఇక్కడ నడుస్తుందా?

వోల్టేజీని హెర్ట్జ్‌తో భాగించి చూడండి. ప్లేటు మీద 480 వోల్టులు, 60 హెర్ట్జ్ ఉంటే 8 వస్తుంది. మన 415, 50కి 8.3. తేడా 4 శాతమే, నడుస్తుంది. ప్లేటు మీద 440, 60 ఉంటే తేడా 13 శాతం. పై హీటు ట్యాపులు వాడకుండా, చుట్లు ఎక్కువున్న ట్యాపుల మీదే నడపండి. టైమరు సైకిళ్లలో ఉంటే, ఇక్కడి ఒక్కో సైకిల్ కొంచెం పొడవని గుర్తుంచుకోండి.

టిప్పులు ముట్టుకుంటే షాకు కొడుతుందా?

5 వోల్టులు షాకు కొట్టవు. కానీ ఎర్తింగ్ లేని మిషన్‌లో ప్రైమరీ ఇన్సులేషన్ తెగితే కొడుతుంది, ప్రాణం తీస్తుంది. సెకండరీని ఒకచోట బాడీకి కలపాలి, బాడీకి మంచి ఎర్తు ఉండాలి. ఉంగరం, కడియం, వాచీ తీసేసి మిషన్ ముందు కూర్చోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడుస్తున్న మిషన్ దగ్గరికి రాకూడదు.

చుట్టి తెచ్చాక మొదటిసారి ఎలా నడపాలి?

మొదట మెగ్గర్. తర్వాత సిరీస్ బల్బు. తర్వాత నిష్పత్తులు తీసి పాత కాగితంతో పోల్చడం. ఇవి మూడూ సరిపోతేనే 415. టిప్పులు విడిగా ఉంచి, తక్కువ హీటు ట్యాపు మీద టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరుతో) నో లోడ్ కరెంటు చూడండి. ఒక్కో ట్యాపు పైకి జరుపుతూ రాసుకోండి. ఏదో ఒక ట్యాపు దగ్గర అంకె ఉన్నట్టుండి ఎగిరితే అక్కడే ఆగి, నాలాంటివాడికి ఫోన్ చేయండి.

తర్వాత నీళ్లు వదలండి. బయటికి వచ్చే గొట్టం కింద లీటరు సీసా పెట్టి గడియారం చూడండి. 15 సెకన్లలో నిండితే నిమిషానికి 4 లీటర్లు, చాలా మిషన్లకు అది సరిపోతుంది.

ఇక రేకులు. 1 మిల్లీమీటరు ముక్కలు రెండు ఒక స్పాటుతో అతికి, ఒకదాన్ని వైసులో బిగించి, రెండోదాన్ని పట్టకారుతో ఒలిచేయండి. అతుకు మంచిదైతే ఒక రేకుకు చిల్లు పడి, రెండో రేకు మీద బొత్తంలా ముద్ద మిగులుతుంది. ఆ ముద్ద అడ్డంగా 5 మిల్లీమీటర్లు ఉండాలి. ముద్ద లేకుండా రెండు రేకులూ శుభ్రంగా విడిపోతే హీటు చాల్లేదు. ఇలా పది ముక్కలు ఒలిచి, మొదటి ముక్కనూ పదో ముక్కనూ పక్కపక్కన పెట్టి చూడండి. పదోది చిన్నదైపోతుంటే చేయి జాయింట్ల మీద పెట్టండి. మెయిన్ ఆపాకే సుమా. ఏది మిగతావాటికంటే వేడిగా ఉందో అదే ఇంకా బిగించాల్సింది.